ఓటుతో వచ్చిన బడి: బుకర్ టి. వాషింగ్టన్ జీవితం

1880 ఎన్నికలప్పుడు అమెరికాలోని అలబామా రాష్ట్రం, టస్కీగీ అనే చిన్న పట్నంలో ఒక బేరం జరిగింది. డబ్ల్యూ.ఎఫ్. ఫాస్టర్ అనే తెల్ల నాయకుడు రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేస్తున్నాడు. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని కాపాడే పక్షాన తుపాకీ పట్టినవాడే. కానీ ఆ మేకన్ కౌంటీలో జనాభాలో ఎక్కువమంది నల్లవాళ్లు. బానిసత్వం పోయాక వాళ్లకు ఓటు వచ్చింది. వాళ్ల ఓట్లు లేకుండా అక్కడ గెలవడం కష్టం. ఆ ఓట్లు ఎటు పడాలో చెప్పగల పలుకుబడి లూయిస్ ఆడమ్స్ అనే ఒక మాజీ బానిసకు ఉంది. ఆయన చెప్పులు కుడతాడు, గుర్రాలకు జీన్లు కుడతాడు, రేకుపని చేస్తాడు. ఈ మూడు పనుల పేర్లు చదివినప్పుడు మా వాడ పెద్దలే కళ్లముందు కదిలారు నాకు.

ఓట్లు వేయిస్తే ఏం కావాలని ఫాస్టర్ అడిగాడు. ఆడమ్స్ తనకోసం ఏమీ కోరలేదు. తమ పిల్లలకు ఒక బడి కావాలన్నాడు. ఫాస్టర్ గెలిచాడు. 1881 ఫిబ్రవరిలో అలబామా శాసనసభ ఆ బడికి ఏటా 2,000 డాలర్లు మంజూరు చేసింది. అయితే అది ఉపాధ్యాయుల జీతాలకు మాత్రమే. స్థలానికి, గదులకు, బల్లలకు పైసా లేదు.

చేతిపని, వ్యవసాయం, చిన్న వ్యాపారం చేసుకునే నల్లవాళ్లకు శిక్షణ, సలహా ఇచ్చే పెద్ద కేంద్రం ఇక్కడి నుంచే మొదలైంది. దాన్ని నడిపిన బుకర్ టి. వాషింగ్టన్ పేరు మన ఉద్యమ సాహిత్యంలో ఎక్కువగా డుబోయిస్ విమర్శ ద్వారానే వినిపిస్తుంది. రాజీపడ్డ నాయకుడిగా తెలుసు. ఆ విమర్శ తప్పని నేను అనను. కానీ ప్రభుత్వ సొమ్ము మన చేతికి ఎలా వస్తుంది, ఎలా జారిపోతుంది అన్నది అర్థం కావాలంటే ఆయన జీవితాన్ని మొదటి నుంచీ చూడాలి.

1856లో వర్జీనియాలో బర్రోస్ అనే రైతు కమతంలో ఆయన బానిసగా పుట్టాడు. తల్లి జేన్ ఆ కమతంలో వంటమనిషి. తండ్రి ఎవరో తెల్లవాడు. పేరు కూడా కొడుక్కి తెలియదు. 1861లో యజమాని చనిపోయాక ఆస్తుల జాబితా రాశారు. పశువులు, పనిముట్లతో పాటు ఐదేళ్ల బుకర్‌కూ ధర కట్టారు. 400 డాలర్లు.

1865లో విముక్తి వచ్చాక కుటుంబం వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్‌కు చేరింది. సవతి తండ్రి ఉప్పు బట్టీల్లో పీపాలకు ఉప్పు నింపేవాడు. ఆయన నింపిన పీపాల మీద 18 అనే అంకె వేసేవాళ్లు. బుకర్ జీవితంలో మొదట చదవగలిగింది ఆ అంకెనే. తర్వాత బొగ్గుగనిలో పని, ఆ తర్వాత గని యజమాని ఇంట్లో పనికుర్రాడు. 1872లో, 16 ఏళ్ల వయసులో, కొంత బండి మీద, కొంత నడిచి సుమారు 800 కిలోమీటర్ల దూరంలోని హాంప్టన్ విద్యాసంస్థకు చేరాడు. అక్కడి టీచరమ్మ ప్రవేశ పరీక్షగా ఒక గది ఊడ్చమంది. మూడుసార్లు ఊడ్చి, నాలుగుసార్లు దుమ్ము తుడిచాడు. ఆమె చేతిరుమాలుతో బల్లలు, గోడలు రుద్ది చూసింది. దుమ్ము అంటలేదు. సీటు వచ్చింది.

మన పిల్లల చేతికి చీపురిచ్చిన బడులు మనకూ తెలుసు. అక్కడ అది పరీక్ష కాదు, కులం. అందుకే ఈ సంఘటన చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కానీ వాషింగ్టన్‌కు ఆ రోజు గెలుపు. వంక పెట్టలేనంత శుభ్రంగా పని చేసి చూపిస్తే ఎదుటివాడు తలుపు తీస్తాడన్న నమ్మకం ఆ గదిలోనే బలపడింది. జీవితాంతం దాన్ని బహిరంగంగా వదల్లేదు.

టస్కీగీ వాళ్లు బడికి ప్రధానోపాధ్యాయుణ్ని పంపమని హాంప్టన్ అధిపతికి ఉత్తరం రాశారు. తెల్లవాడే వస్తాడని వాళ్ల ఊహ. ఆయన తన పూర్వ విద్యార్థి, 25 ఏళ్ల వాషింగ్టన్‌ను పంపాడు. 1881 జూలై 4న ఒక చర్చి పక్కనున్న పాక లాంటి కొట్టంలో 30 మందితో తరగతులు మొదలయ్యాయి. వాన వస్తే ఒక విద్యార్థి లేచి పంతులు నెత్తిన గొడుగు పట్టేవాడు. కొద్ది నెలలకే పాడుబడ్డ తోట ఒకటి, 100 ఎకరాలు, 500 డాలర్లకు బేరమాడాడు. ముందు కట్టాల్సిన సొమ్ము హాంప్టన్ కోశాధికారి దగ్గర అప్పు తెచ్చాడు.

గదులు కట్టాలంటే ఇటుక కావాలి. కొనడానికి డబ్బు లేదు. ఇటుక చేయడం ఎవరికీ సరిగా రాదు. విద్యార్థులు మోకాళ్లలోతు బురదలో దిగి మట్టి తొక్కారు. చదువుకోడానికి వస్తే ఈ పనేంటని కొందరు వెళ్లిపోయారు కూడా. మొదటి బట్టీ సరిగా కాలలేదు. రెండోదీ పోయింది. మూడోది చివరి రోజుల్లో కూలింది. చేతిలో డాలరు లేదు. వాషింగ్టన్ తన గడియారం తీసుకెళ్లి 15 డాలర్లకు కుదువపెట్టాడు. నాలుగో బట్టీ కాలింది. ఆ గడియారం మళ్లీ విడిపించుకోలేకపోయాడు.

ఇటుక మంచిది కావడంతో పట్నంలోని తెల్లవాళ్లు బడికి వచ్చి కొనడం మొదలుపెట్టారు. వాషింగ్టన్ రాజకీయమంతా ఒకరకంగా ఈ ఇటుక అమ్మకంలో ఉంది. అవసరమైన వస్తువు నాణ్యంగా చేసి అమ్మితే కొనేవాడు రంగు చూడడు. ఈ కొనుగోళ్ల మీదే రేపు గౌరవం, ఆ తర్వాత హక్కులు వస్తాయి. ఆయన లెక్క ఇది.

1892 ఫిబ్రవరిలో చుట్టుపక్కల రైతులు, చేతివృత్తులవాళ్లతో ఒక సభ పెట్టాడు. ఓ 75 మందిని పిలిస్తే దాదాపు 400 మంది వచ్చారు. ఉపన్యాసాలు వద్దన్నాడు. ఎవరి సంగతి వాళ్లు చెప్పాలి. ఎంతమందికి సొంత భూమి ఉంది, ఎంతమంది ఒంటిగది గుడిసెలో ఉంటున్నారు, ఎంతమంది ఇంకా పండని పంటను షావుకారుకు తాకట్టు పెట్టారు? తేలింది ఏమిటంటే, చాలామంది పాలికి చేస్తున్నారు. విత్తనం నుంచి ఉప్పు దాకా అంతా షావుకారు కొట్లో ఖాతా మీదే. పంట తీసి పత్తి అమ్మితే ఖాతా తీరదు, వడ్డీ పెరుగుతుంది, మళ్లీ ఏడాది అదే కొట్టు. వాషింగ్టన్ అంతకుముందు ఊళ్లు తిరిగినప్పుడు ఒంటిగది ఇళ్లలో వాయిదాల మీద 60 డాలర్లకు కొన్న కుట్టుమిషన్లు చూశాడు. వాడేవాళ్లు లేక మూలన పడున్నాయి. ఆ సభ ఏటేటా జరిగింది. అప్పు ఎలా తగ్గించాలి, కూరగాయలు, కోళ్లు, పందులు ఎలా పెంచుకుంటే షావుకారు ఖాతా తగ్గుతుంది, బడి ఏడాదికి ఇంకో నెల ఎక్కువ నడవాలంటే ఊరంతా ఎంత వేసుకోవాలి, ఇలాంటివే మాట్లాడుకునేవాళ్లు.

ఆ మొదటి సభ జరిగి నెల తిరక్కముందే, 1892 మార్చి 9న, పొరుగు రాష్ట్రం టెనెసీలోని మెంఫిస్‌లో మూడు హత్యలు జరిగాయి. థామస్ మాస్, కాల్విన్ మెక్‌డోవెల్, విల్ స్టూవర్ట్ అనే ముగ్గురు పీపుల్స్ గ్రోసరీ అనే కిరాణా కొట్టు నడిపేవాళ్లు. నల్లవాళ్లు తలా కొంత వేసుకుని పెట్టుకున్న కొట్టది. బాగా నడిచింది. పక్కనే ఉన్న తెల్ల షావుకారు బేరం పడిపోయింది. గొడవలు పెట్టించి, ముగ్గుర్నీ జైల్లో వేయించారు. అర్ధరాత్రి గుంపు వచ్చి జైల్లోంచి లాక్కెళ్లి కాల్చి చంపింది. మాస్ స్నేహితురాలు, పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ అప్పటి నుంచే మూకహత్యల లెక్కలు తీయడం మొదలుపెట్టింది. వాళ్లు నాణ్యం తక్కువ సరుకు అమ్మలేదు. లెక్కలు రాయడం రాక నష్టపోలేదు. బాగా నడిపినందుకే చచ్చిపోయారు.

ఇక్కడ అంబేద్కర్ జీవితంలోని ఒక చిన్న సంగతి గుర్తుచేసుకోవాలి. లండన్ చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగొచ్చాక, బరోడాలో అవమానపడి బొంబాయి చేరాక, వ్యాపారులకు షేర్ల మీద సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారాయన. కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన మనిషి. మొదట్లో జనం వచ్చారు. సలహా ఇస్తున్నది అంటరానివాడని తెలిశాక రావడం మానేశారు. సంస్థ మూతపడింది. సరుకు నాణ్యంగా ఉంటే చాలన్న లెక్క కులం ముందు ఇలా తేలింది.

నా పరిశోధన కోసం ఒక జిల్లాలో ప్రభుత్వ ఖర్చుతో నడిచే స్వయం ఉపాధి శిక్షణ తరగతుల్లో కొన్ని వారాలు కూర్చున్నాను. ప్రాజెక్టు రిపోర్టు రాయడం, పెట్టుబడి లెక్క, బ్యాంకు మేనేజరుతో ఎలా మాట్లాడాలి, అన్నీ చెప్పారు. చెప్పినవాళ్లు మంచివాళ్లే. ఒక రోజు మా వాడలాంటి వాడ నుంచి వచ్చిన ఒకక్క లేచి, ఊరి సెంటర్లో టిఫిన్ బండి పెడితే తన చేతి ఇడ్లీ ఎవరు తింటారని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. పాఠం తర్వాతి పేజీకి వెళ్లిపోయింది. వాషింగ్టన్ గురించి చదువుతున్నప్పుడల్లా ఆ అక్కే గుర్తొస్తుంది నాకు.

1895 సెప్టెంబరు 18న అట్లాంటాలో జరిగిన వస్తుప్రదర్శనలో, తెల్లవాళ్లతో నిండిన సభలో వాషింగ్టన్ ప్రసంగించాడు. సామాజికంగా వేరువేరుగా ఉన్నా పరవాలేదు, పని, వ్యాపారం, చదువులో మాకు చోటివ్వండి అన్నది దాని సారాంశం. తెల్ల పత్రికలు నెత్తిన పెట్టుకున్నాయి. మరుసటి ఏడాదే అమెరికా సుప్రీంకోర్టు ప్లెసీ కేసులో రైలు డబ్బాల్లో రంగును బట్టి విడదీయడం చట్టబద్ధమేనంది. మొదట అభినందించిన డుబోయిస్ 1903 నాటికి తన పుస్తకంలో ఆయన్ని గట్టిగా నిలదీశాడు. ఓటు, పౌరహక్కులు, ఉన్నత విద్య వదులుకుని చేతిపని నేర్చుకుంటే, ఆ పని ఫలితాన్ని కాపాడుకునే దారి ఏదని ఆ విమర్శ. నా మటుకు నాకు ఈ వాదనలో డుబోయిస్ వైపే న్యాయం కనిపిస్తుంది. అయితే కథ అక్కడితో అయిపోలేదు.

1900 ఆగస్టులో బోస్టన్‌లో వాషింగ్టన్ నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ పెట్టాడు. నల్ల వ్యాపారులు సంఘాలుగా కలవాలన్న సూచన అంతకు ఏడాది ముందు డుబోయిస్ అట్లాంటాలో నడిపిన సదస్సు నుంచే వచ్చింది. కటింగు షాపువాళ్లు, కిరాణా కొట్లవాళ్లు, దర్జీలు, అంత్యక్రియల ఏర్పాట్లు చేసేవాళ్లు, చిన్న బ్యాంకులు నడిపేవాళ్లు ఏటా ఒకచోట కూడేవాళ్లు. ఎంతతో మొదలుపెట్టాం, ఎక్కడ దెబ్బతిన్నాం, అరువు ఎలా వసూలు చేశాం అని ఎవరి కథ వాళ్లు చెప్పుకునేవాళ్లు. 1915 నాటికి దాదాపు 600 శాఖలయ్యాయి. ఇదంతా సొంత చందాలు, కార్నెగీ లాంటి ధనవంతుల విరాళాలతో నడిచింది. ప్రభుత్వం ఇందులో లేదు. తెల్ల రైతులకు సలహా ఇవ్వడానికి ఖజానా తెరిచిన రాజ్యం నల్ల కొట్టువాడికి సలహా అతని జేబులోంచే ఇప్పించింది.

రైతుల విషయంలోనూ తేడా అంతే ఉంది. 1896లో వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ టస్కీగీలో చేరాడు. మరుసటి ఏడాది అలబామా శాసనసభ అక్కడ ప్రయోగ కేంద్రానికి ఏటా 1,500 డాలర్లు ఇచ్చింది. అదే రాష్ట్రంలో ఆబర్న్‌లోని తెల్ల కళాశాల ప్రయోగ కేంద్రానికి ఒక్క ఫెడరల్ చట్టం కిందే ఏటా 15,000 డాలర్లు వచ్చేవి. పదో వంతు. ఆ పదో వంతుతోనే కార్వర్ పేద రైతులు కొనక్కర్లేని ఎరువు గురించి, చిలగడదుంప, బొబ్బర్లు, వేరుశనగ గురించి సులువైన భాషలో కరపత్రాలు రాశాడు.

చదవలేనివాళ్లకు కరపత్రం చేరదు. అందుకని 1906లో ఒక బండి తయారైంది. నమూనా కార్వర్ గీశాడు, కట్టింది విద్యార్థులు, డబ్బు ఎక్కువగా న్యూయార్క్ ధనవంతుడు మోరిస్ జెసప్‌ది. అందుకే దానిపేరు జెసప్ వ్యాగన్. నాగళ్లు, విత్తనాలు, ఎరువుల మచ్చులు, మీగడ తీసే యంత్రం, వెన్న చిలికే సామాను వేసుకుని మే నెలలో ఊళ్లమీద పడింది. ఊళ్లో ఎవరిదో ఒక పొలం దగ్గర బండి ఆపి, చేసి చూపించేవాళ్లు. ఆ ఏడాది నవంబరులో ఫెడరల్ వ్యవసాయ శాఖ టస్కీగీ పూర్వ విద్యార్థి థామస్ క్యాంప్‌బెల్‌ను ఆ పనికి నియమించింది. నల్ల రైతులకు సలహా చెప్పడానికి ప్రభుత్వం వేసిన మొదటి ఉద్యోగి ఆయన.

ఇది గెలుపే. కానీ ఈలోగా పునాది కూలిపోయింది. 1901లో అలబామా కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఆస్తి, చదువు, పోల్ టాక్స్, రిజిస్ట్రారుగారి దయ. ఓటు హక్కుకు అర్హులైన నల్లవాళ్లు దాదాపు 1,80,000 మంది ఉంటే, జాబితాలో మిగిలింది 3,000కు అటూఇటూ. ఓట్లు ఇప్పిస్తాను, బడి ఇవ్వమని అడిగిన లూయిస్ ఆడమ్స్ బేరం ఇక ఎవరూ ఆడలేరు.

బహిరంగంగా వాషింగ్టన్ మెత్తని విన్నపాలే చేశాడు. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆయన్ని భోజనానికి పిలిస్తే దక్షిణాది తెల్ల సమాజం భగ్గుమంది. వైట్‌హౌస్‌లో ఒక పూట భోజనానికే అంత మంట. ఎవరికీ తెలియకుండా మాత్రం ఆయన ఇంకో పని చేశాడు. కొత్త రాజ్యాంగం మీద మాంట్‌గోమరీకి చెందిన జాక్సన్ గైల్స్ వేసిన కేసుకు డబ్బిచ్చాడు. విల్ఫర్డ్ స్మిత్ అనే న్యూయార్క్ నల్ల న్యాయవాదితో మారుపేర్లతో ఉత్తరాలు నడిపాడు. 1903లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. మరుసటి ఏడాది ఇంకోటీ పోయింది. ఆయన చచ్చిపోయి చాలా ఏళ్లయ్యాక, ఆయన కాగితాలు పరిశోధకులు చదివాకే ఇది లోకానికి బాగా తెలిసింది. వేదిక మీద అక్కర్లేదన్న ఓటు కోసం చీకట్లో ఖర్చుపెట్టాడు. దీన్ని ద్వంద్వ వైఖరి అనాలా, ఎత్తుగడ అనాలా? రెండు రోజులకోసారి నా అభిప్రాయం మారుతుంది. ఒకటి మాత్రం అనుకుంటాను. సొంత అనుచరులకు కూడా చెప్పలేని పోరాటం వాళ్లకు ఏమీ నేర్పదు.

1914 మే 8న స్మిత్-లివర్ చట్టం వచ్చింది. రైతులకు, గ్రామీణ కుటుంబాలకు సలహా, శిక్షణ ఇచ్చే పనికి దేశమంతటా ఫెడరల్ నిధులు, శాశ్వతంగా. జెసప్ బండి ఎనిమిదేళ్లుగా చేస్తున్న పనికే ఇప్పుడు ఖజానా. నల్ల కళాశాలలకు వాటా ఖాయం చేయాలన్న సవరణ చర్చకు వచ్చింది, చట్టంలోకి రాలేదు. ఏ కళాశాలకు ఇవ్వాలో రాష్ట్ర శాసనసభలే తేల్చాలన్నారు. అలబామా శాసనసభ ఆబర్న్‌ను ఎంచుకుంది. క్యాంప్‌బెల్, ఆయన కింది నల్ల ఉద్యోగులు టస్కీగీలోనే కూర్చున్నా, డబ్బు, అజమాయిషీ తెల్ల కళాశాల చేతికి పోయాయి. సబ్‌ప్లాన్ నిధులు ఏ రోడ్డుకు, ఏ పద్దుకు మళ్లాయో ఆర్టీఐలు పెట్టి వెతికిన మనవాళ్లకు, 2013 చట్టం కోసం ధర్నాలు చేసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

1915 నవంబరు మొదట్లో వాషింగ్టన్ న్యూయార్క్‌లో జబ్బుపడ్డాడు. సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో చేర్చారు. అక్కడికి దగ్గర్లోనే కొలంబియా విశ్వవిద్యాలయం. ఆ రోజుల్లో అందులో 24 ఏళ్ల భీమ్‌రావ్ అంబేద్కర్ చదువుకుంటున్నారు. వాళ్లిద్దరికీ పరిచయం ఉందని చెప్పడం లేదు. ఆ దగ్గరితనం నన్ను ఆపింది, అంతే. బతకడం కష్టమని డాక్టర్లు చెప్పాక, దక్షిణాదిలో పుట్టాను, అక్కడే పోతాను అని రైలెక్కాడు. నవంబరు 14 తెల్లవారుజామున టస్కీగీలో కన్నుమూశాడు. 59 ఏళ్లు. 30 మందితో మొదలైన బడిలో అప్పటికి 1,500 మంది ఉన్నారు. వాళ్లు కట్టిన భవనాలు దాదాపు 100.

నల్ల వ్యాపారులకు సలహా ఇవ్వడానికి ఫెడరల్ వాణిజ్య శాఖ ఒక మనిషిని వేసింది 1927లో. ఆ జేమ్స్ జాక్సన్‌కు దేశమంతా పరిధి. క్యాంప్‌బెల్ టస్కీగీ నుంచి పనిచేస్తూనే ఉన్నాడు. గుర్రపు బండి పోయి మోటారు బండి వచ్చింది. జీతం కాగితం మాత్రం ఇంకొకరి సంతకంతోనే.

1957లో అలబామా శాసనసభ టస్కీగీ పట్నం సరిహద్దుల్ని 28 మూలల వింత ఆకారంలో తిరగగీసింది. పట్నంలో ఓటున్న 400 మంది నల్లవాళ్లలో నలుగురైదుగురు తప్ప అందరూ రాత్రికి రాత్రి పట్నం బయటికి పోయారు. వాషింగ్టన్ పెట్టిన సంస్థలోనే సోషియాలజీ చెప్పే చార్లెస్ గోమిలియన్ ఆధ్వర్యంలో జనం తెల్ల షావుకార్ల దగ్గర కొనడం మానేశారు. ఒకప్పుడు బడి ఇటుక కొనడానికి తెల్లవాళ్లు వచ్చిన పట్నం అది. ఇప్పుడు బేరాల్లేక తెల్లవాళ్ల దుకాణాలు చాలా మూతపడ్డాయి. 1960లో సుప్రీంకోర్టు ఆ సరిహద్దులు చెల్లవంది. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది. 1972లో టస్కీగీ ప్రజలు తమ మొదటి నల్ల మేయర్‌గా జానీ ఫోర్డ్‌ను ఎన్నుకున్నారు. రైతులకు సలహా చెప్పే పనికి ఫెడరల్ నిధులు ఆబర్న్ చేతిమీదుగా కాకుండా నేరుగా టస్కీగీకి రావడం మొదలైందీ ఆ దశాబ్దంలోనే.